కొత్త బ్లాకు సంగతి తర్వాత, ముందు టైమ్‌టేబులూ కరెంటు బిల్లూ తెరవండి

నమస్కారమండి. మీ ప్రశ్న చదివాను. మీది విశాఖలో కొమ్మాది దాటాక భీమిలి వైపు ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ, నాలుగు వేల మంది పిల్లలు, ఆవరణలోనే రెండు హాస్టళ్లు. మేనేజ్‌మెంట్ ఒకే మీటింగులో మీకు రెండు పనులు అప్పజెప్పింది. నిర్వహణ ఖర్చు 15 శాతం తగ్గించాలి, పెరిగిన సీఎస్‌ఈ సెక్షన్ల కోసం కొత్త బ్లాకుకి ఎస్టిమేట్ వేయించాలి. ఖర్చు తగ్గించడానికి కరస్పాండెంట్ గారు చెప్పిన దారి ఏమిటంటే, హౌస్‌కీపింగ్‌లో సగం మందిని తీసేయడం, ఈ ఏడు రంగులూ రిపేర్లూ ఆపేయడం. ఏఓగా (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా) చేరి ఏడాది కూడా కాలేదు, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగారు.

నేను క్యాంపస్‌ల ఎస్టేట్ విభాగంలోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విశాఖ, విజయనగరం వైపు కాలేజీలు అడిగితే వెళ్లి చూసి చెబుతుంటాను. సూటిగా చెప్పాలంటే మీ మేనేజ్‌మెంట్ తప్పు చోట కోత పెడుతోంది. ఆ రెండు పనులూ వేర్వేరు ఫైళ్లు కావు, ఒకటే. కాలేజీలో అన్నిటికన్నా ఖరీదైనది అక్కర్లేకుండా కట్టిన చదరపు అడుగు. దాన్ని ఆపగలిగితే 15 శాతం మాట దానంతటదే తేలికవుతుంది.

ముందు గదులు. ఏ కాలేజీలో అడిగినా గదులు చాలట్లేదనే అంటారు, హెచ్‌ఓడీలైతే మరీను. ఆ మాట నమ్మే ముందు ఒక పని చేయండి. మిడ్ పరీక్షలూ ఫెస్టూ లేని వారం చూసుకుని, ఒక బుధవారం మధ్యాహ్నం రెండున్నరకి అటెండర్ని వెంటబెట్టుకుని పై అంతస్తు నుంచి కిందిదాకా ప్రతి తలుపూ తీసి చూడండి. కాగితం మీద నాలుగు గడులు చాలు: గది నంబరు, సీట్లెన్ని, కూర్చున్నవాళ్లెందరు, ఫ్యాన్లు తిరుగుతున్నాయా. మీకేం కనిపిస్తుందో ఇక్కడి నుంచే చెప్పగలను. డ్రాయింగ్ హాలుకి తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఉన్న సారు సెలవులో ఉంటారు. డెబ్బై మంది పట్టే గదిలో ముప్పై మందితో ఎలెక్టివ్ క్లాసు నడుస్తుంటుంది. పక్క గదిలో ఎవరూ ఉండరు, ఫ్యాన్లు మాత్రం ఆరూ తిరుగుతుంటాయి. సెమినార్ హాలు వెనకాల ఒక గది నిండా పాత సీఆర్‌టీ మానిటర్లు స్క్రాప్ కమిటీ సంతకం కోసం ఎదురుచూస్తుంటాయి. ఆ గది ఖాళీ చేయిస్తే అదొక క్లాస్‌రూమ్.

ఒక్క రోజు చూస్తే సరిపోదు. ఉదయం మొదటి పీరియడ్, శనివారం మధ్యాహ్నం కూడా ఇలాగే తిరిగి, అప్పుడు లెక్కకి కూర్చోండి. మీకు 60 క్లాస్‌రూములు ఉన్నాయనుకుందాం. వారానికి ఆరు రోజులు, రోజుకి 7 పీరియడ్లు. గదికి 42 చొప్పున వారానికి 2,520 పీరియడ్ల జాగా మీ చేతిలో ఉంది. టైమ్‌టేబుల్లో అందులో 1,500 నిండాయనుకోండి, 60 శాతం అన్నమాట. నిండిన గదుల్లో కూడా సీట్లు 60 శాతమే నిండితే మీ అసలు వాడకం 36 శాతం. సీట్ల సంగతి పక్కన పెట్టి గదుల వాడకాన్ని 75 శాతానికి తెచ్చినా 1,890 పీరియడ్లవుతాయి, అంటే కొత్తగా 390 చేతికొస్తాయి. ల్యాబులు పోను ఒక సెక్షనుకి వారానికి 24 థియరీ పీరియడ్లు వేసుకుంటే 16 సెక్షన్లు ఒక్క ఇటుక పేర్చకుండా పట్టేస్తాయి. 75 దాటించాలని మాత్రం చూడకండి. స్పెషల్ క్లాసులకీ, ప్లేస్‌మెంట్ డ్రైవులకీ, ఏదైనా గదిలో సీలింగు కారినప్పుడు సర్దుకోవడానికీ కొంత ఖాళీ ఉండాలి.

ఇందులో అందరూ మరిచిపోయేది ఫైనలియర్. నాలుగో ఏడు రెండో సెమిస్టరంతా ప్రాజెక్టూ ఇంటర్న్‌షిప్పే. డిసెంబరు, జనవరి నుంచి ఆ సెక్షన్ల గదులు దాదాపు ఖాళీ. అయినా టైమ్‌టేబుల్ కాగితం మీద ఆ గదుల ముందు వాళ్ల పేరే ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఈఏపీసెట్ కౌన్సెలింగ్ తేలేదాకా ఫస్టియర్ గదులదీ ఇదే కథ. గదిని సెక్షనుకి ఏడాది పొడవునా రాసిచ్చేయకుండా సెమిస్టర్‌కి ఒకసారి కేటాయిస్తే సగం సమస్య తీరుతుంది.

అలా జరగాలంటే తాళంచెవులు డిపార్ట్‌మెంట్ల దగ్గర నుంచి తీసుకుని ఒక సెంట్రల్ టైమ్‌టేబుల్ సెల్‌కి ఇవ్వాలి. ఇది ఇంజినీరింగ్ కాదండి, రాజకీయం. ప్రిన్సిపాల్ గారి సంతకంతో సర్క్యులర్ వచ్చేదాకా మీరొక్కరే దీనికి పూనుకోకండి, అనవసరంగా మాట పడతారు. కొలత కాగితాలు మాత్రం మీ దగ్గర సిద్ధంగా ఉంచుకోండి. హెచ్‌ఓడీల మీటింగులో అభిప్రాయాలకి అంతుండదు, గది నంబరూ తలల లెక్కా చదివితే గొంతులు తగ్గుతాయి.

ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈకి చూపాల్సిన గదుల లెక్క, 60 మంది క్లాసుకి 66 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా వగైరా నిబంధనలు వేరే. ఇప్పుడు అమల్లో ఉన్న అప్రూవల్ హ్యాండ్‌బుక్ పక్కన పెట్టుకునే ఇదంతా చేయండి. నిబంధన ప్రకారం గది తక్కువైతే కట్టక తప్పదు. నేను చూసిన చాలా చోట్ల మాత్రం కొరత నిబంధన వల్ల రాలేదు, ఎవరి గది వాళ్లది అనే అలవాటు వల్ల వచ్చింది.

ఇప్పుడు ఆ 16 సెక్షన్లకీ కొత్తగా 16 గదులు కట్టాలంటే ఏమవుతుందో చూద్దాం. గదికి 66 చొప్పున 1,056 చదరపు మీటర్లు. కారిడార్లు, మెట్లు, టాయిలెట్లు, గోడల మందం కలిపితే ఒకటిన్నర రెట్లు, సుమారు 1,600 చదరపు మీటర్లు, అంటే 17 వేల చదరపు అడుగులు. అడుగుకి ₹2,400 వేసుకున్నా నాలుగు కోట్లు. అప్పు మీద కడితే 10 శాతం వడ్డీ లెక్కన మొదటి ఏడాదే ₹40 లక్షలు. ఆపైన ఆ బ్లాకుకి లిఫ్టు ఏఎంసీ (ఏటా కట్టే మెయింటెనెన్స్ కాంట్రాక్టు), లైట్లు, ఊడ్చేవాళ్లు, నీళ్లు, వాచ్‌మన్ ఏటేటా తప్పవు. పైగా కాలేజీ ఫీజుల మీద జీఎస్టీ లేదు కాబట్టి కాంట్రాక్టరుకి కట్టే జీఎస్టీ మీకు వెనక్కి రాదు, నేరుగా ఖర్చులో కలిసిపోతుంది. కరస్పాండెంట్ గారు ఒక చేత్తో 15 శాతం తగ్గించమంటున్నారు, రెండో చేత్తో అంతకన్నా పెద్ద ఖర్చుకి సంతకం పెట్టబోతున్నారు. ఈ ఒక్క పేరా ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టినా చాలు.

బ్రాంచిల గాలి కూడా ఎప్పుడూ ఒకే వైపు వీయదు. ఈసీఈ హవా చూశాం, మెకానికల్ సీటు కోసం సిఫారసు ఉత్తరాలు చూశాం, ఇప్పుడు సీఎస్‌ఈ, ఏఐ. 2024-25 నుంచి బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేశాక అందరూ సెక్షన్లు పెంచారు. మీ పక్క కాలేజీ కూడా పెంచింది. ఆ సెక్షన్లన్నీ పదేళ్ల పాటు నిండుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు, స్లాబు మాత్రం యాభై ఏళ్లు ఉంటుంది. మన ఊళ్లోనే చూడండి. ఐఐఎం విశాఖపట్నం 2015లో మొదలైంది ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లోని భవనంలో, గంభీరం సొంత క్యాంపస్ తర్వాత వచ్చింది. పెట్రోలియం సంస్థ ఐఐపీఈ కూడా 2016లో ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలోనే క్లాసులు మొదలుపెట్టింది. అంతెందుకు, 1926లో పుట్టిన ఏయూ మొదట బెజవాడలో ఉండి, 1930లో కదా వాల్తేరు చేరింది. ప్రభుత్వం డబ్బుతో నడిచే సంస్థలకే లేని తొందర మనకెందుకు?

అన్నీ చూశాక కూడా కట్టాల్సిందే అని తేలితే కొన్ని జాగ్రత్తలు. మీ స్థలం కొండ వాలులో ఉందన్నారు. కొండని చదును చేసి బ్లాకు వేయడం కన్నా వాలు వెంబడి మెట్లు మెట్లుగా వేస్తే తవ్వకం, రిటైనింగ్ వాల్ రెండూ తగ్గుతాయి. ఇక్కడి కొండలు ఖోండలైట్ రాయి. పైపొర మెత్తబడి ఉంటుంది, నిటారుగా కోస్తే వానలకి జారుతుంది, ఏడాది తిరక్కుండా మళ్లీ గోడ కట్టాలి. పొడవు గోడలు ఉత్తర, దక్షిణ దిక్కుల్ని చూసేలా ఉంచండి, తూర్పు పడమర ఎండ క్లాసుల్లోకి రాదు. గదుల మధ్య ఇటుక గోడలకి బదులు తీసేయగలిగే పార్టిషన్లు పెట్టించండి. రేపు రెండు క్లాసులు కలిపి ల్యాబు చేయాలన్నా, ల్యాబుని క్లాసులుగా విడగొట్టాలన్నా పొక్లెయిన్ పిలవక్కర్లేదు. ఇక కాంక్రీటు దగ్గర ఒక్క రూపాయి కూడా తగ్గించకండి. కాంక్రీటు కట్టడాల జాతీయ ప్రమాణం ఐఎస్ 456 తీరప్రాంతాన్ని ‘సివియర్’ (కాంక్రీటుకి తీవ్రమైన వాతావరణం) కింద పెడుతుంది. కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలి. ఎస్టిమేట్‌లో ఎం20 అని కనిపిస్తే ఆ ఇంజినీరుకి నమస్కారం పెట్టి ఇంకొకరిని చూసుకోండి.

గదుల తర్వాత నేను తెరిచేది కరెంటు బిల్లు. మన కరెంటు పంపిణీ సంస్థ ఏపీఈపీడీసీఎల్ ఇచ్చే హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లులు పన్నెండు నెలలవీ తెప్పించుకోండి. ఎంత కట్టాం అన్న అంకె వదిలేసి మూడు చూడండి: కాంట్రాక్టెడ్ డిమాండ్ (ఇంత లోడు దాకా వాడతామని రాసిచ్చిన హద్దు), ఆ నెల రికార్డయిన డిమాండ్ (నిజంగా చేరిన అత్యధిక లోడు), పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో అసలు పనికి వాడుకున్న వాటా).

మన రాష్ట్రంలో హెచ్‌టీ సర్వీసుకి రికార్డయిన డిమాండ్ లేదా కాంట్రాక్టులో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ చార్జీ పడుతుంది. మీ కాంట్రాక్టు 600 కేవీఏ (లోడుని కొలిచే యూనిట్), మామూలు నెలల్లో మీటరు చూపించేది 380 అనుకుందాం. 600లో 80 శాతం 480. అంటే మీరు వాడని 100 కేవీఏకి ప్రతి నెలా డబ్బు కడుతున్నారు. కేవీఏకి ₹475 వేసుకుంటే నెలకి ₹47,500. మీ బిల్లు మీద ఉన్న రేటు పెట్టి ఇదే లెక్క చేసుకోండి. కాలేజీ పెట్టినప్పుడు ‘ముందు ముందు పెరుగుతుంది’ అని పెద్ద కాంట్రాక్టు తీసుకుంటారు, తర్వాత ట్యూబులైట్లు ఎల్‌ఈడీలయ్యాయి, సీఆర్‌టీలు పోయి ల్యాప్‌టాప్‌లొచ్చాయి, కాంట్రాక్టు మాత్రం అలాగే ఉండిపోయింది. పన్నెండు నెలల్లో అత్యధికం 430 అయితే 450కి తగ్గించమని అప్లికేషన్ పెట్టండి. మరీ అంచుకి తేవద్దు, కాంట్రాక్టు దాటితే పెనాల్టీ పడుతుంది.

ఆ అత్యధికం ఏ గంటకి వచ్చిందో కూడా కనుక్కోండి. మీటరు డేటా అడిగితే ఇస్తారు. చాలా కాలేజీల్లో అది ఉదయం పదకొండు ప్రాంతంలో వస్తుంది. ఏసీలు, ల్యాబులు పూర్తి లోడ్‌లో ఉన్నప్పుడే పంపు ఆపరేటరు ఓవర్‌హెడ్ ట్యాంకుల మోటర్లు ఆన్ చేస్తాడు, ఎందుకంటే ఆయన డ్యూటీ తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. ట్యాంకులు ఏడు లోపు నిండేలా డ్యూటీ మారిస్తే పైసా పెట్టకుండా డిమాండ్ తగ్గుతుంది.

పవర్ ఫ్యాక్టర్ ఇంకా పెద్ద బొక్క. హెచ్‌టీ వాళ్లకి బిల్లు కేవీఏహెచ్‌లలో వస్తుంది, పవర్ ఫ్యాక్టర్ తగ్గితే అదే వాడకానికి ఎక్కువ యూనిట్లు పడతాయి. నెలకి లక్ష యూనిట్ల అసలు వాడకం ఉంటే, 0.90 దగ్గర బిల్లులో 1,11,111 యూనిట్లు వస్తాయి, 0.99 దగ్గర 1,01,010. పది వేల యూనిట్లు గాలికి. యూనిట్ ₹7.50 వేసినా నెలకి ₹75 వేలు. పవర్ ఫ్యాక్టర్‌ని పైకి తెచ్చేది కెపాసిటర్ ప్యానెల్. ‘మాకు ఆ ప్యానెల్ ఉందండీ’ అని ఎలక్ట్రీషియన్ అంటాడు. ఉంటుంది. ప్యానెల్ ముందు పచ్చ లైటు కూడా వెలుగుతుంటుంది. తలుపు తీయించి ఒక్కో స్టెప్ (కెపాసిటర్ల వరస) ఆన్ చేయించి క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెట్టి చూడమనండి. మన ఉప్పు గాలికి కాంటాక్టర్లు నల్లబడి, రెండు మూడు కెపాసిటర్లు ఉబ్బి, స్టెప్ ఆన్ అయినట్టు చూపిస్తూ కరెంటు మాత్రం సున్నా చూపిస్తాయి. మార్చడానికయ్యే ఖర్చు ఒకటి రెండు నెలల్లో తిరిగొస్తుంది.

ఫ్యాన్ల గురించి ఒక మాట. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ల సేల్స్‌వాళ్లు మీ దగ్గరికి వచ్చే ఉంటారు, క్యాంపస్ మొత్తం మార్చమని. 75 వాట్ల ఫ్యాను తీసి 30 వాట్లది పెడితే 45 వాట్లు మిగులుతాయి, నిజమే. క్లాస్‌రూములో రోజుకి 8 గంటలు, ఏడాదికి 220 రోజులు తిరిగితే 79 యూనిట్లు, అంటే ఆరు వందల రూపాయలు కూడా కాదు. ఫ్యాను ధర ₹2,500 పైమాటే, నాలుగేళ్లకి పైగా పడుతుంది. హాస్టల్ గదిలో అదే ఫ్యాను రోజుకి 16 గంటలు, 300 రోజులు తిరుగుతుంది. 216 యూనిట్లు, ₹1,600. రెండేళ్లలోపే డబ్బు వెనక్కి. కాబట్టి ముందు హాస్టళ్లు, రీడింగ్ రూము, సెక్యూరిటీ గదులు. క్లాసుల్లో పాతవి కాలిపోయినప్పుడు ఒక్కొక్కటీ మార్చుకోండి. తీసేసిన మంచి ఫ్యాన్లని క్లాసులకి స్పేరుగా ఉంచండి, అమ్మితే వచ్చేది ఏమీ ఉండదు.

ఏసీలకి 24 డిగ్రీలు సరిపోతుంది. ఇక్కడ అంతకన్నా ముఖ్యం బయటి యూనిట్ ఎటు వైపు పెట్టారన్నది. సముద్రం వైపు గోడకి పెట్టిన యూనిట్ ఫిన్లు వేలితో రాస్తే పొడిగా రాలిపోతాయి. వీలైనవి గాలి చాటు గోడకి మార్పించండి, మిగతావి మంచినీళ్లతో కడిగించండి. బోరు నీళ్లతో కాదు, మీ వైపు బోర్లు ఉప్పు తేలుతుంటాయి.

డీజిల్ జనరేటరు లీటరుకి మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తుంది. యూనిట్ ₹28 దాటుతుందన్నమాట. కరెంటు పోతే క్యాంపస్ మొత్తానికి ఇచ్చే అలవాటుంటే పరీక్ష హాళ్లు, సర్వర్ రూము, హాస్టల్ లైట్లు, పంపుల వరకే పరిమితం చేయండి.

సోలార్ గురించి అడిగారు. పెట్టించండి, కానీ పైవన్నీ అయ్యాక. ముందే పెడితే వృథాకి కూడా ప్యానెల్ కొంటారు. 100 కిలోవాట్లకి నీడ పడని పది వేల చదరపు అడుగుల డాబా కావాలి, ఏడాదికి లక్షా నలభై వేల యూనిట్ల దాకా వస్తాయి, దాదాపు ₹10 లక్షల బిల్లు తగ్గుతుంది. పెట్టుబడి లేకపోతే కంపెనీయే పెట్టి యూనిట్ రేటుకి అమ్మే పద్ధతీ ఉంది. రెండు సంగతులు మాత్రం వాళ్లు చెప్పరు. సోలార్ యూనిట్లని తగ్గిస్తుంది, మీ అత్యధిక డిమాండ్ సాయంత్రం హాస్టళ్ల వల్ల వస్తుంటే డిమాండ్ చార్జీని తగ్గించదు. రెండోది స్ట్రక్చర్. కట్టడాల మీద గాలి భారం లెక్కకట్టే ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం విశాఖకి బేసిక్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి ఆ అంకెకి అర్థం వేరే చెప్పక్కర్లేదు. కాంక్రీటు దిమ్మలు పెట్టి ఊరికే ఆనించే స్ట్రక్చర్లు వద్దు, స్లాబుకి బిగించి, ఆ బోల్టుల చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ ఎవరి బాధ్యతో అగ్రిమెంటులో రాయించుకోండి.

ఇక రిపేర్లు ఆపేయడం. ఇది మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఒప్పుకోకండి. మీ బ్లాకులో సముద్రం వైపు కారిడార్ చివర నిలబడి సన్‌షేడ్ కింది భాగం చూడండి. మొదట వెంట్రుకంత పగులు కనిపిస్తుంది, అడ్డదిడ్డంగా కాదు, లోపలి చువ్వ దారి వెంటే తిన్నగా. దాని పక్కన తుప్పు రంగు చార. చిన్న సుత్తితో తట్టితే మంచి చోట టకటక, ఆ చోట డొల్ల చప్పుడు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచి నెడుతోందని దానర్థం. ఇంకో రెండు మూడు వానాకాలాలకి పెచ్చు ఊడి కింద పడుతుంది, కింద పిల్లలు నడుస్తుంటారు. ఈ దశలో చువ్వ చుట్టూ కొట్టించి, తుప్పు గీకించి, జింక్ ప్రైమర్ పూయించి, పాలిమర్ మోర్టారుతో నింపితే ఒక సన్‌షేడ్‌కి వేలల్లో పోతుంది. మామూలు సిమెంటు పూసి రంగు వేయిస్తే మచ్చ దాగుతుంది, తుప్పు దాని పని అది చేసుకుంటుంది. ఆపేస్తే తర్వాత బీములకి జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీటు తొడగడం), అది లక్షల్లో. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. భవనాలన్నీ ఇవాళ కొత్తగా కడితే ఎంతవుతుందో అందులో ఏటా 2 శాతం రిపేర్లకి పక్కన పెట్టాలన్నది నా లెక్క, తీరంలో అంతకంటే తగ్గడానికి వీల్లేదు.

రిపేర్లలో పొదుపు ఎక్కడుందంటే టైమింగులో ఉంది. డాబా వాటర్‌ప్రూఫింగ్ మే నెలలో చేయాలి. అందరూ ఏప్రిల్ చివర్లో కాంట్రాక్టర్లని పిలుస్తారు, రేట్లు పెరుగుతాయి, జూన్ వానల్లో సగం పని మిగిలిపోతుంది. జనవరిలో టెండరు పిలిచి మే నెల రేటు ఖరారు చేసుకోండి. సెప్టెంబరు ఆఖర్లో డాబాల మీది నీటి గొట్టాల మూతులు శుభ్రం చేయించండి, మనకి అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. ఆకులు అడ్డుపడి డాబా మీద నిలిచే నీరు చేసే నష్టం పెద్ద రిపేరు బిల్లుల్లో తరచూ కనిపిస్తుంది.

నీళ్లు. హాస్టల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు లెక్క, వెయ్యి మందికి లక్షా ముప్ఫై అయిదు వేలు. మీరు ట్యాంకర్లు తెప్పించుకుంటున్నానన్నారు. ముందు రాత్రి పదకొండింటికి మోటర్లు ఆపించి ఓవర్‌హెడ్ ట్యాంకు మట్టం గుర్తు పెట్టించండి, తెల్లవారుజాము నాలుగింటికి మళ్లీ చూడండి. అందరూ పడుకున్నాక కూడా బాగా తగ్గిందంటే ఫ్లష్ ట్యాంకులూ పైపులూ కారుతున్నాయి. ప్లంబరుకి నెల జీతం కన్నా ట్యాంకర్ల బిల్లు ఎక్కువైన హాస్టళ్లు బోలెడు. మన దగ్గర ఏడాదికి మీటరు దాకా వాన పడుతుంది. వెయ్యి చదరపు మీటర్ల డాబా నుంచి, పోయింది పోగా, ఎనిమిది లక్షల లీటర్లు వస్తాయి, పది వేల లీటర్ల ట్యాంకర్లు 80. దాన్ని రోడ్డు మీదికి వదలకుండా సంపుకీ రీఛార్జి గుంతకీ మళ్లిస్తే బోరులో ఉప్పు కూడా కొంత తగ్గుతుంది. ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ఉంటే అందులోంచి వచ్చే నీటిని తోటకి వాడండి. ఊరికే నాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైలు కోసం గ్రీన్ ఆడిట్ సర్టిఫికెట్ కొనుక్కుని గోడకి తగిలించడం వల్ల బిల్లు తగ్గదు. అదే ఆడిటరు చేత క్లాంప్ మీటరూ, నీటి మీటరూ పట్టించి కొలిపిస్తే సర్టిఫికెట్టూ వస్తుంది, పనీ అవుతుంది.

హౌస్‌కీపింగ్. సగం మందిని తీసేస్తే కాగితం మీద డబ్బు మిగిలినట్టే ఉంటుంది. మూడో నెలకి హాస్టల్ టాయిలెట్ల ఫొటోలు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి, వచ్చే ఏడు హాస్టల్ అడ్మిషన్లు తగ్గుతాయి, ఆ నష్టం ఈ మిగులు కన్నా ఎక్కువ. మనుషుల్ని కాదు, ఏజెన్సీ బిల్లుని చూడండి. స్కూళ్లకీ జూనియర్ కాలేజీలకీ క్లీనింగ్, సెక్యూరిటీ సేవల మీద జీఎస్టీ మినహాయింపు ఉంది, ఇంజినీరింగ్ కాలేజీకి లేదు. 20 మందికి తల ఒక్కింటికి నెలకి ₹18 వేలు వేసుకుంటే ఏడాదికి ₹43 లక్షల బిల్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ ₹7.8 లక్షలు. అది మీకు తిరిగి రాదు. ఏజెన్సీ కమిషన్ అదనం. ఏళ్ల తరబడి మీ దగ్గరే చేస్తున్న వాళ్లని కాలేజీ రోల్స్ మీదికి తీసుకుంటే ఆ మొత్తం మిగులుతుంది, అందులో కొంత వాళ్ల జీతానికి కలిపినా మీకు లాభమే. పీఎఫ్, ఈఎస్‌ఐ చలాన్లు కట్టే పని మీ ఆఫీసు మీద పడుతుంది, నిజమే. ఏజెన్సీ ఎగ్గొట్టినా ఆ బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయరుగా (అసలు పని చేయించుకునే సంస్థగా) చివరికి మీ మీదికే వస్తుంది కదా.

బస్సులు మీ పరిధిలో లేవన్నారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఫస్టియర్‌కి గంట ముందు క్లాసులు మొదలుపెడితే మధురవాడ, ఎంవీపీ రూట్లలో అదే బస్సు రెండు ట్రిప్పులు తిరగగలదని మాత్రం ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జి గారి చెవిన వేయండి.

మీటింగులో ఒక ప్రశ్న కచ్చితంగా వస్తుంది. ఉన్నత విద్యా నియంత్రణ కమిషన్ మూడేళ్ల కాలానికి ఫీజు నిర్ణయించేటప్పుడు మన ఆడిట్ లెక్కలు చూస్తుంది కదా, ఖర్చు తగ్గించి చూపిస్తే ఫీజూ తగ్గదా అని. తప్పు ప్రశ్నేమీ కాదు. మిగిలిన డబ్బుని రిపేర్లకీ, ల్యాబులకీ, జీతాలకీ మళ్లిస్తే లెక్కల్లో ఖర్చు ఖర్చుగానే ఉంటుంది, కాకపోతే డిమాండ్ చార్జీ కింద కాకుండా పనికొచ్చే చోట. ప్రభుత్వం నుంచి రావాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఆలస్యమైన నెలల్లో ఆ తేడా జీతాల తేదీని కాపాడుతుంది.

మీటింగుకి అన్నీ మోసుకెళ్లకండి. బుధవారం గదుల కాగితం, పన్నెండు నెలల బిల్లులు, ఆ సన్‌షేడ్ ఫొటో, ఈ మూడూ చాలు. కొత్త బ్లాకు వద్దు అనకండి, ఒక సెమిస్టర్ ఆగి కేంద్ర టైమ్‌టేబుల్ నడిపి చూశాక నిర్ణయిద్దాం అనండి. కరస్పాండెంట్లకి ‘వద్దు’ కన్నా ‘ఆగుదాం’ బాగా వినిపిస్తుంది. బిల్లులు దొరికాక సర్వీసు నంబరు, కాలేజీ పేరు చెరిపేసి ఇక్కడ పెట్టండి. కాంట్రాక్టెడ్ డిమాండ్ ఎంతకి తగ్గించొచ్చో చూసి చెబుతాను. మీటరు డేటా కూడా ఉంటే మోటర్ల టైమింగు సంగతీ తేల్చేయొచ్చు.